అడగండి, మాట్లాడుకుందాం: టీవీ డాక్యుమెంటరీల్లో రంగు, కులం, మన ముఖాలు

పోయిన నెల ఈ పేజీలో అమెరికా నల్లజాతి వాళ్ళ మీద వచ్చిన టీవీ డాక్యుమెంటరీల గురించి నాలుగు ముక్కలు రాస్తే కర్నూలు, అనంతపురం, కడప మూడు వైపుల నుంచీ ప్రశ్నలు వచ్చినాయి, కొన్నిట్లో మెచ్చుకోలు, కొన్నిట్లో కోపం, అన్నీ చదివినా. ఈసారి పేజీ మొత్తం వాటికే ఇస్తాండా. పేర్లు వేయొద్దని చాలామంది అడిగినారు కాబట్టి ఊర్లు మాత్రమే.

కడప నుంచి డిగ్రీ చదివే అమ్మాయి: అక్కా, మా సోషియాలజీ మేడమ్ క్లాసులో ఒక అమెరికా వీడియో చూపించినారు, ఒక టీచర్ చిన్నపిల్లల్ని కళ్ళ రంగును బట్టి విడదీస్తాది చూడు, అది. చూసినాక మా క్లాసులో సగం మంది "ఇది వాళ్ళ గొడవ, తెల్లోళ్ళు నల్లోళ్ళు అనేది మనకు లేదు కదా" అన్నారు. నాకేమో ఏదో చెప్పాలనిపించింది గానీ మాట రాలేదు. ఇవి నిజంగా మనకు పనికొస్తాయా?

చెల్లీ, మీ మేడమ్‌కు నా నమస్కారం చెప్పు. మీరు చూసింది 'ఎ క్లాస్ డివైడెడ్', 1985లో అమెరికా పీబీఎస్ ఛానల్లో ఫ్రంట్‌లైన్ అనే ప్రోగ్రామ్ కింద వచ్చింది. దాని వెనకున్న కథ 1968 ఏప్రిల్‌ది. మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపిన మరుసటి రోజు, అయోవా రాష్ట్రంలో రైస్‌విల్ అనే చిన్న ఊర్లో జేన్ ఎలియట్ అనే మూడో తరగతి టీచరమ్మ, వివక్ష అంటే ఏందో నోటి మాటతో చెప్తే పిల్లలకు ఎక్కదనుకుని, కళ్ళ రంగును బట్టి రెండు గుంపులు చేసి వీళ్ళు ఎక్కువ వాళ్ళు తక్కువ అని చెప్పేసింది, తర్వాత దాన్నే తిరగేసింది. మీరు స్క్రీన్ మీద చూసిన పిల్లలు మాత్రం 1970 బ్యాచ్, అప్పుడు ఏబీసీ ఛానల్ వాళ్ళు తీసిన ఫిల్మ్ అది, ఆ పిల్లలే పెద్దోళ్ళయి 1984లో మళ్ళా అదే ఊర్లో కలుసుకుని తమ చిన్నప్పటి ముఖాలు తామే చూసుకుంటారు.

వీలుంటే ఇంకోసారి చూడు, రెండు చోట్ల ఆపి చూడు. ఒకటి, ఆటల బెల్లులో ఒక పిల్లోడు ఇంకొకణ్ణి కడుపులో గుద్దుతాడు. వాడేమన్నాడని కొట్టినావ్ అంటే, "బ్రౌన్ ఐస్ అన్నాడు" అంటాడు. నిన్నటిదాకా అది తిట్టు కాదు, పుట్టినప్పట్నుంచీ వాని కళ్ళు అదే రంగు, టీచరు ఒక మాట చెప్పిన గంటల్లో అది తిట్టయిపోయింది. రెండోది చదువు దగ్గర. గోధుమ రంగు కళ్ళ పిల్లలు తక్కువోళ్ళుగా కూర్చున్న రోజు చదవడానికిచ్చే కార్డుల కట్టను పూర్తి చేయడానికి ఐదున్నర నిమిషాలు పట్టింది, మరుసటి రోజు వాళ్ళను ఎక్కువోళ్ళని చేసినాక అదే కట్ట రెండున్నర నిమిషాల్లో అయిపోయింది. పిల్లలు వాళ్ళే, తెలివీ అదే. మన దగ్గర "ఆ పిల్లలకు చదువు రాదు" అని స్టాఫ్ రూముల్లో ఎంత తేలిగ్గా అనేస్తారో తలుచుకుంటే ఆ రెండున్నర నిమిషాలు నాకు మనసులోంచి పోదు.

ఇప్పుడు మీ క్లాసు వాళ్ళ మాటకొస్తా. రైస్‌విల్ ఊరంతా తెల్లోళ్ళే, ఆ పిల్లల పక్కింట్లో నల్లోళ్ళు ఎవరూ లేరు. మనకు లేదు కదా అనడానికి వాళ్ళకన్నా హక్కున్నోళ్ళు ఎవరుంటారు చెప్పు. అయినా ఆమె అక్కడే చెప్పింది, ఎందుకంటే చూడని మనుషుల మీద అభిప్రాయం ముందే తయారైపోయి ఉంటాది. మనకు ఆ సాకు కూడా లేదు, మన పక్కనే ఉన్నారు. హోటల్ కాడ దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి అంటే ఏందో మీ జేజిని అడుగు, చెప్తాది. స్టాలిన్ కె. తీసిన 'ఇండియా అన్‌టచ్డ్' అని 2007 డాక్యుమెంటరీ ఉంది, ఆయన ఎన్నో రాష్ట్రాలు తిరిగి, హిందువుల్లోనే కాకుండా క్రైస్తవుల్లో, ముస్లింలలో, సిక్కుల్లో కూడా అంటరానితనం ఎట్ల దాక్కుని ఉందో కెమెరా ముందర వాళ్ళ నోటితోనే చెప్పించినాడు. మీ మేడమ్‌ను అడిగి ఆ రెండూ ఒకే వారంలో వేయించుకోండి, క్లాసులో ఆ సగం మంది అప్పుడేమంటారో నాకు రాయి.

ఒక్క జాగ్రత్త చెప్తా. రంగు, కులం రెండూ ఒకటే అని మాత్రం అనేయొద్దు. కులం అనేది జాతి రక్తాల తేడా అనే వాదాన్ని అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో కొట్టిపారేసినాడు. అదే అంబేద్కర్ 1946లో అమెరికాలో నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాసినాడు, మీవాళ్ళు ఐక్యరాజ్యసమితికి అర్జీ పెట్టుకుంటాండారని విన్నా, నాకు కాపీ పంపిస్తారా, మావాళ్ళం కూడా ఆ దారే ఆలోచిస్తాండాం అని. 1972లో బొంబాయి దళిత కుర్రోళ్ళు అమెరికా నల్లోళ్ళ పోరాట పార్టీ బ్లాక్ పాంథర్స్‌ను చూసి దళిత్ పాంథర్స్ అని పెట్టుకున్నారు. అంటే వేరే వేరే జబ్బులని తెలిసి కూడా ఒకరి మందు ఇంకొకరికి పనికొస్తాదేమో అని చూసుకున్నోళ్ళు మనకన్నా ముందే ఉన్నారు.

ప్రొద్దుటూరు నుంచి ఒక తల్లి: మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడమ్మా. మా మనవణ్ణి స్కూల్లో ఎవరో అపు అపు అని ఏడిపిస్తాండారంట, ఇంటికొచ్చి ఏడ్చినాడంట. అదేదో కార్టూన్ బొమ్మ అన్నాడు మావాడు, దాని మీద ఒక తెలుగు అబ్బాయి సినిమా తీసినాడంట గదా. ఏంది ఆ కథ?

అమ్మా, అది 'ది సింప్సన్స్' అనే కార్టూన్ సీరియల్లో బొమ్మ. 1990 నుంచి ఉండాది. అపు అనేవాడు ఇండియా నుంచి పోయి అక్కడ చిన్న అంగడి నడుపుకుంటా ఉంటాడు, ఒక రకం యాసలో "థ్యాంక్యూ, కమ్ అగైన్" అంటా ఉండేవాడు, జనం నవ్వేవాళ్ళు. ఆ గొంతు ఇచ్చింది హ్యాంక్ అజారియా అనే తెల్ల నటుడు. ఏళ్ళ తరబడి అమెరికా టీవీలో మనవాళ్ళంటే దాదాపు ఆ ఒక్క ముఖమే, అందుకే స్కూల్లో ఏ ఇండియన్ పిల్లోణ్ణి చూసినా ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళు.

మీరు విన్నది నిజమే. హరి కొండబోలు అని స్టాండప్ కమెడియన్, న్యూయార్క్ క్వీన్స్‌లో పుట్టి పెరిగినాడు, అమ్మానాన్న ఆంధ్రా నుంచి పోయిన తెలుగోళ్ళు. ఆయన 2017లో ట్రూటీవీ ఛానల్ కోసం 'ది ప్రాబ్లమ్ విత్ అపు' అని గంట లోపే అయిపోయే డాక్యుమెంటరీ చేసినాడు. ఆయన ఆ సీరియల్‌కు శత్రువు గాదు, చిన్నప్పట్నుంచీ ఇష్టంగా చూసినవాడు, ఆ ఇష్టంలోనే ఈ ముల్లు ఉండాదని చెప్పుకొస్తాడు. కాల్ పెన్, అజీజ్ అన్సారీ, హసన్ మిన్హాజ్ లాంటి మన వైపు మూలాలున్న నటుల్ని కూర్చోబెట్టి అడుగుతాడు, ఒక్కొక్కరూ చెప్పుకుంటా పోతారు, చిన్నప్పుడు ఏ మాటలు పడినారో, ఆడిషన్‌కు పోతే ఆ యాస చెయ్యమని ఎట్ల అడిగినారో. నల్లజాతి నటి హూపీ గోల్డ్‌బర్గ్‌తో మాట్లాడేటప్పుడు, తెల్లోళ్ళు ముఖానికి నల్లరంగు పూసుకుని నల్లోళ్ళలాగా ఎగిరి నవ్వించే పాత స్టేజీ ఆటలకూ ఈ గొంతు మిమిక్రీకీ ఉన్న సంబంధం బయటికొస్తాది.

నాకు గుచ్చుకున్న చోటు వేరే ఉంది. ఆ సీరియల్‌కు పనిచేసిన రచయిత ఒకాయన్ను అడిగితే, కొన్ని యాసలు తెల్ల అమెరికన్ల చెవికి వింటేనే నవ్వొస్తాయి అని చెప్పేస్తాడు, అంతే, దాచిపెట్టడం లేదు. అది విన్నప్పుడు నాకు అమెరికా గుర్తుకు రాలేదమ్మా, మన సినిమాలు గుర్తుకొచ్చినాయి. సీమ యాస మాట్లాడేది ఎవరు మన సినిమాల్లో? విలన్ పక్కన కత్తి పట్టుకున్నోడు, లేకుంటే తన్నులు తినే కామెడీ మనిషి. హీరో కర్నూలు జిల్లాలోనే పుట్టినా కృష్ణా జిల్లా తెలుగే మాట్లాడతాడు. కొండారెడ్డి బురుజు కనపడిందంటే వెనకనుంచి సుమోలు రావాల్సిందే. ఆదోని, కోసిగి, ఎమ్మిగనూరు వైపు నుంచి ప్రతి ఏడూ పిల్లాజెల్లా కట్టుకుని గుంటూరుకు మిరపకాయలు కోసేదానికి సుగ్గికి పోతారు, ఇంటికి తాళం, పిల్లోళ్ళ చదువు మధ్యలో ఆగిపోవడం, ఇదీ సీమే కదా. రాయచోటి వైపు నుంచి కువైట్‌లో ఇంటిపనికి పోయిన ఆడోళ్ళు, అనంతపురంలో వానకోసం చూసి చూసి వేరుశనగ పంట ఎండిపోగొట్టుకున్నోళ్ళు, వీళ్ళను తెర మీద ఎన్నిసార్లు చూసినాం? హైదరాబాద్ హాస్టల్లో మన పిల్లోడు కనపడితే "ఏం రా బాంబులు తెచ్చినావా" అంటారు, వాడు నవ్వి ఊరుకుంటాడు. మీ మనవడు ఏడ్చినాడు, వీడు నవ్వినాడు, అంతే తేడా.

ఆ తర్వాత ఏమైందో కూడా చెప్పాల. అజారియా ఆ డాక్యుమెంటరీలో కూర్చుని మాట్లాడేదానికి ఒప్పుకోలేదు. 2018లో సింప్సన్స్ వాళ్ళు ఒక ఎపిసోడ్‌లో, అప్పట్లో అందరూ చప్పట్లు కొట్టినదాన్ని ఇప్పుడు తప్పంటే ఏం చేస్తాం అన్నట్టు తేల్చేసినారు, చాలామందికి అది ఇంకా ఎక్కువ బాధ పెట్టింది. కానీ 2020 జనవరిలో అజారియా తానే ఇంక అపుకు గొంతు ఇవ్వనని చెప్పినాడు, అదే ఏడు జూన్‌లో తెల్లోళ్ళు కాని పాత్రలకు తెల్ల నటులతో గొంతు ఇప్పించబోమని షో వాళ్ళు ప్రకటించినారు. ఒక గంట లోపు డాక్యుమెంటరీ, మూడేళ్ళు. మీ మనవనికి ఇంకొంచెం పెద్దయినాక ఆ ఫిల్మ్ చూపించమని చెప్పండి, మన ఇంటిపేరు ఉన్నోడే నిలబడి అడిగినాడని తెలిస్తే వానికి ధైర్యం వస్తాది.

ఇంకో మాట, అడక్కపోయినా చెప్తా. మనోళ్ళను అక్కడ ఏడిపిస్తే మనకు నొప్పి, సరే. 2016లో బెంగళూరులో ఎవరో సూడాన్ అబ్బాయి కారు గుద్ది ఒకామె చనిపోతే, ఆ సంగతే తెలియకుండా ఆ దారిన వచ్చిన టాంజానియా విద్యార్థినిని పట్టుకుని జనం కొట్టినారు, ఆఫ్రికా మనిషి అనే ఒక్క కారణానికి. బెంగళూరు మనకు పరాయి ఊరా? అనంతపురం, హిందూపురం పిల్లోళ్ళు సగం అక్కడే ఉంటారు. దాని మీద మన తెలుగు ఛానల్ ఏదన్నా ఒక గంట కూర్చుని డాక్యుమెంటరీ చేసి ఉంటే ఎంత బాగుండేది.

అనంతపురం నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి: పాత గాయాలు మళ్ళీ మళ్ళీ టీవీలో చూపిస్తే ద్వేషం పెరుగుతుంది తప్ప తగ్గదు. మానిపోయిన పుండును గెలకడం దేనికి? మీరు ఇట్లాంటివి ప్రోత్సహించడం నాకు నచ్చలేదు.

సార్, మీ వయసుకు నా గౌరవం, కానీ ఒప్పుకోలేను. మానిందని ఎవరు చెప్పాల, దెబ్బ తిన్నోళ్ళు గదా? 'ఐస్ ఆన్ ది ప్రైజ్' అని అమెరికా పౌరహక్కుల ఉద్యమం మీద సిరీస్, హెన్రీ హాంప్టన్ అనే నల్లజాతి నిర్మాత చేయించింది, 1987లో ఆరు భాగాలు, 1990లో ఎనిమిది, మొత్తం 14. మొదటి భాగంలోనే ఎమెట్ టిల్ కథ వస్తాది. 14 ఏళ్ళ పిల్లోడు, 1955లో మిసిసిపీలో చుట్టాల ఇంటికి పోతే తెల్లామెతో ఏదో అన్నాడని చంపి నదిలో పడేసినారు. ఆ తల్లి శవపేటిక మూత వేయనీయలేదు, నా బిడ్డను ఏం చేసినారో లోకమంతా చూడాలనింది. వేలమంది వచ్చి చూసినారు. పుండు గెలకడం అని ఆ తల్లితో ఎవరన్నా అనగలరా సార్?

ఇంకోటి, ఆ సిరీస్‌లో అవతలి వైపోళ్ళనూ కూర్చోబెట్టినారు. నల్లోళ్ళు వేరుగానే ఉండాలని గొంతు చించుకున్న గవర్నర్ జార్జ్ వాలెస్‌ను, సెల్మా ఊర్లో ఓటు హక్కు అడిగిన నల్లోళ్ళను కొట్టించిన పోలీసు అధికారి, షెరీఫ్ జిమ్ క్లార్క్‌ను కూడా హాంప్టన్ బృందం ఇంటర్వ్యూ చేసింది. ద్వేషం పెంచాలనుకున్నోళ్ళు ఆ పని చెయ్యరు. దళితుల్ని ఊచకోత కోసిన మన కారంచేడు 1985, చుండూరు 1991, ఈరోజు ఇరవై ఏళ్ళ పిల్లల్ని అడిగి చూడండి, ఎంతమందికి తెలుసో. తెలియకుండా పెరిగినోళ్ళు "ఇప్పుడు అవన్నీ ఎక్కడున్నాయి" అంటా ఉంటారు, ఆ మాట విన్నోళ్ళకు మళ్ళా దెబ్బ తగుల్తాది. మీరు ఇంకా రాయండి సార్, వాదించుకుందాం.

ఆదోని నుంచి ఒక అన్న: మేము దూదేకులోళ్ళం. ఇంట్లో తెలుగే, ఉర్దూ నాకు సరిగ్గా రాదు. టీవీలో ముస్లిం అంటే చార్మినార్, బిర్యానీ, ఖవ్వాలీ, లేకుంటే బాంబు. మేము ఏ వైపూ కనపడం. ముస్లింలు మమ్మల్ని పూర్తిగా ముస్లింలు అనుకోరు, మిగతావాళ్ళు మా పేరు వింటేనే ఇల్లు బాడుగకివ్వరు. మాలాంటోళ్ళ మీద ఎవరన్నా తీస్తారా?

అన్నా, నీ ఉత్తరం రెండుసార్లు చదివినా. నీ బాధలో సగం ఏందంటే టీవీకి ఒక గుంపుకు ఒకే ముఖం కావాల, అది దొరికినాక ఇంకోటి వెతకరు. దూదేకులోళ్ళు పత్తి ఏకిన చేతులు, నూర్‌బాషాలని కూడా అంటారు, సీమలో ఏ ఊరికి పోయినా కనపడతారు, అయినా తెర మీద లేరు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అని పేట ఉంది, ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం కొలువులో ఆఫ్రికా వాళ్ళ అశ్వదళం, దాని పేరే పేటకొచ్చింది, ఆ దళంలోని సిద్దీల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు, మన మధ్యనే ఆఫ్రికా మూలాలోళ్ళు ఉన్నారని ఎంతమంది తెలుగోళ్ళకు తెలుసు?

నాకు ఇంకో భయం కూడా ఉంది. మన వైపు కెమెరా వచ్చిందంటే ఉగాది రోజు వస్తాది, ముస్లింలు దేవుని కడప ఎంకన్న గుడికి పోయేది తీసుకుంటారు. మొహర్రంకు గూగూడు కుళ్ళాయిస్వామి కాడికి పోయి హిందువులు పీర్లకు మొక్కేది తీసుకుంటారు. కడప అమీన్‌పీర్ దర్గా ఉరుసుకు ఎవరో పెద్ద స్టార్ వస్తే అది తీసుకుంటారు. రెండు నిమిషాల మతసామరస్యం స్టోరీ, వ్యాన్ ఎక్కి పోతారు. అవన్నీ నిజమే, మనం గర్వపడేవే, నేనూ గర్వపడతా. కానీ ఆ గుడికి పోయిన మనిషికి మిగతా ఏడాది ఇల్లు ఎక్కడ దొరుకుతాదో, బ్యాంకులో అప్పు ఎట్ల పుడతాదో, పిల్లకు పెండ్లి సంబంధం అడిగేటప్పుడు ఏం మాట్లాడతారో ఎవరూ అడగరు. మంచి బొమ్మ కూడా మనిషిని మూసేస్తాది అన్నా, చెడ్డ బొమ్మ ఒక్కటే అనుకోవద్దు.

ఎవరన్నా తీస్తారా అని అడిగినావు. కెనడాలో అలానిస్ ఒబోమ్‌సావిన్ అని ఒక పెద్దామె ఉంది, అబెనాకి అనే ఆదివాసీ జాతి మనిషి. 1990లో క్యూబెక్‌లో గోల్ఫ్ కోర్సు పెంచడానికి మోహాక్ ఆదివాసీల శ్మశానం పక్క నేల తీసుకోబోతే వాళ్ళు అడ్డం కూర్చున్నారు, పోలీసులు, తర్వాత మిలటరీ దిగినారు, 78 రోజులు నడిచింది. బయట ఛానళ్ళ కెమెరాలు సైనికుల వెనకనుంచి తీస్తాంటే ఈమె లోపల, వాళ్ళ మధ్యలో ఉండిపోయి తీసింది, 1993లో 'కనెసటాకే' అనే డాక్యుమెంటరీ వచ్చింది. అదే ముళ్ళకంచె, ఇటు నుంచి చూస్తే వేరే కథ. 1999లో కెనడాలో ఆదివాసీల సొంత టీవీ నెట్‌వర్క్ ఏపీటీఎన్ మొదలయింది, దేశమంతా కేబుల్ వాళ్ళు చూపించాల్సిందేనని రూల్ పెట్టినారు. బ్రిటన్‌లో 1982లో ఛానల్ 4 పెట్టినప్పుడే, మిగతా ఛానళ్ళు పట్టించుకోని జనం కోసం ప్రోగ్రాములు చెయ్యాలని బాధ్యత పెట్టినారు, అందులోంచి నల్లజాతి కుర్రోళ్ళ ఫిల్మ్ గ్రూపులు పైకొచ్చినాయి. ఎవరో జాలిపడి తీస్తారని వాళ్ళు కూర్చోలేదు, ఛానల్లో కుర్చీ కావాలని అడిగినారు. మన దూరదర్శన్, మన తెలుగు ఛానళ్ళ న్యూస్‌రూముల్లో దూదేకుల, సుగాలి, చెంచు, ఎరుకల ఇండ్ల నుంచి వచ్చినోళ్ళు ఎంతమంది ఉన్నారు అనేదే నేను అడిగే ప్రశ్న, ఆ లెక్క మారనంతవరకూ నీ ముఖం వాళ్ళకు కనపడదు.

గుంతకల్లు నుంచి: డాక్యుమెంటరీ అంటే అంతా నిజమేనా?

లేదు తమ్ముడూ. 1922లో వచ్చిన 'నానూక్ ఆఫ్ ది నార్త్' డాక్యుమెంటరీలకు తాతలాంటిది, అందులో ఆర్కిటిక్ మనిషి పేరు కూడా మార్చేసినారు, అప్పటికే తుపాకీ వాడే వాళ్ళ చేత ఈటెతో వేట ఆడించినారు, లోపల వెలుతురు చాలదని మంచు ఇల్లు సగమే కట్టి షూట్ చేసినారు. ఇప్పటికొస్తే 'రైటింగ్ విత్ ఫైర్' చూడు, ఉత్తరప్రదేశ్ బుందేల్‌ఖండ్‌లో దళిత ఆడోళ్ళు నడిపే ఖబర్ లహరియా పత్రిక మీద 2021లో వచ్చింది, ఆస్కార్ నామినేషన్ దాకా పోయింది, నాకు చాలా ఇష్టమైన ఫిల్మ్. అయినా 2022లో ఆ పత్రికవాళ్ళే బయటికొచ్చి, మేము ఒక్క పార్టీ గురించే వార్తలు రాస్తామన్నట్టు చూపించినారు, మా కథ అంతవరకే కాదు అని చెప్పినారు. ఫిల్మ్ అబద్ధమనలేదు, సగం అన్నారు. కాబట్టి చూసినాక, తెర మీద కనపడినోళ్ళు దాని గురించి ఏమన్నారో కూడా వెతికి చదువు.

డోన్ నుంచి ఒక టీచరమ్మ: ఎనిమిదో తరగతి పిల్లలకు చూపించేదానికి చిన్నది ఏదన్నా చెప్పండి. ఆ కళ్ళ రంగు ఆట మా క్లాసులో ఆడించొచ్చా?

ఆట మాత్రం వద్దు టీచర్. మన క్లాసులో ఆ గుంపులు ముందే ఉన్నాయి, ఆడుకున్నాక మాసిపోవు. జేన్ ఎలియట్ మీద కూడా పిల్లల్ని అట్ల ఏడిపించొచ్చా అని విమర్శలు చాలా వచ్చినాయి.

'ఎ గర్ల్ లైక్ మి' చూపించండి, 7 నిమిషాలే. 2005లో కిరి డేవిస్ అనే హైస్కూల్ అమ్మాయి తీసింది. 1940ల్లో కెన్నెత్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి సైకాలజిస్టులు చిన్నపిల్లల ముందర ఒక తెల్ల బొమ్మ, ఒక నల్ల బొమ్మ పెట్టి ఏది మంచిది, ఏది చెడ్డది అని అడిగిన పరీక్ష ఉంది, స్కూళ్ళలో తెల్ల నల్ల వేరు చెయ్యడం చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పినప్పుడు దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. ఈ అమ్మాయి అదే పరీక్ష మళ్ళా చేసింది, 21 మందిలో 15 మంది తెల్ల బొమ్మనే మంచిదన్నారు. ఒక నల్ల పాప, చెడ్డ బొమ్మ ఏదంటే నల్లదాన్ని చూపిస్తాది, సరే నీలాగా ఉండేది ఏది అని అడిగితే చెయ్యి కొంచేపు ఆగిపోయి, మెల్లగా అదే బొమ్మను ముందుకు నెడతాది. అక్కడ ఆపి, మీ పిల్లల్ని ఏమీ అడక్కుండా ఒక్క నిమిషం వదిలేయండి. మన ఇండ్లలో పుట్టిన బిడ్డను చూసేదానికి వచ్చినోళ్ళు మొదట అడిగేది రంగే, ఫెయిర్ అండ్ లవ్లీ అనే క్రీము పేరు మార్చుకునేదానికి 2020 దాకా పట్టింది, పిల్లలే మాట్లాడతారు, మీరు వినండి చాలు.

ఆత్మకూరు నుంచి ఒక తమ్ముడు: మేము ఎరుకలోళ్ళం అక్కా. మా అవ్వ చిన్నప్పుడు సెటిల్మెంట్‌లో ఉన్నిందంట, రోజూ హాజరు పిలిచేవాళ్ళంట, ఊరు దాటాలంటే చీటీ రాయించుకోవాలంట. ఇప్పటికీ ఎక్కడన్నా దొంగతనం జరిగితే మా వైపే చూస్తారు. అవ్వ చెప్పేవన్నీ డాక్యుమెంటరీ చెయ్యాలని ఉంది, నా దగ్గర ఫోన్ తప్ప ఏమీ లేదు. చెయ్యగలనా?

చెయ్యగలవు తమ్ముడూ, తొందరగా మొదలుపెట్టు, పెద్దోళ్ళ ఆరోగ్యం మన చేతిలో ఉండదు. మీ అవ్వ చెప్పేది నేరస్థ జాతుల చట్టం సంగతి, 1871లో బ్రిటిష్ వాళ్ళు తెచ్చినారు, 1911 నుంచి మన మద్రాసు ప్రెసిడెన్సీలో కూడా అమలు చేసినారు, పుట్టుకతోనే దొంగ అని రాసిపెట్టే చట్టం, దేశవ్యాప్తంగా 1952లో పోయింది. అట్లాంటి సెటిల్మెంటే అయిన స్టువర్టుపురం గురించి అందరూ సినిమాల్లో చూసినారు, అక్కడ పెరిగిన పిల్లోళ్ళు ఏమనుకున్నారో ఎవరూ వినలేదు. గుజరాత్‌లో ఛారా అనే జాతి మీద అదే ముద్ర. 1998లో బెంగాల్‌లో బుధన్ శబర్ అనే మనిషి పోలీసు కస్టడీలో చనిపోతే ఆయన పేరు మీద అహ్మదాబాద్ ఛారానగర్ కుర్రోళ్ళు బుధన్ థియేటర్ పెట్టుకున్నారు, వాళ్ళ మీద 'ప్లీజ్ డోంట్ బీట్ మీ, సర్!' అని 2011లో డాక్యుమెంటరీ వచ్చింది, దొరికితే మొదట అది చూడు.

ఇంక పని. ఫోన్ అడ్డంగా పెట్టు, స్టాండ్ లేకుంటే కిటికీ గూట్లో ఇటుక ఆనించి పెట్టు, చేత్తో పట్టుకోవద్దు, అవ్వ నీ ముఖం చూసి మాట్లాడాల, ఫోన్ చూసి కాదు. బొమ్మ మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినపడకపోతే చూడరు, కాబట్టి చొక్కాకు తగిలించే చిన్న మైక్ ఒకటి కొనుక్కో, ఫ్యాన్ ఆపు, పొయ్యిలు వెలిగించే టైమూ స్కూలు వదిలే టైమూ వద్దు. హాజరు పిలిచేవాళ్ళా అని అడిగితే ఆమె అవును అని ఊరుకుంటాది. పొద్దున లేస్తానే ఏం చేసేవాళ్ళు అవ్వా అని అడుగు, హాజరు దానంతట అదే వస్తాది. ఆమె ఆగిపోతే నువ్వు మాట అందించొద్దు, కొంచేపు ఉండు. చీటీ లాంటిదేమన్నా, పాత ఫోటో ఏమన్నా ట్రంకు పెట్టెలో మిగిలింటే దాన్ని ఆమె చేతిలో పెట్టి తియ్యి.

మొదలుపెట్టేటప్పుడే ఆమె పేరు, ఊరు, తేదీ, నేను చెప్పేది తీసుకోవచ్చు అనే మాట ఆమె నోటితోనే రికార్డు చెయ్యి, మిగతావాళ్ళు మాట్లాడితే వాళ్ళతో కూడా. పోలీసుల సంగతులు వస్తాయి కాబట్టి, ఎవరి పేరు చెప్తే ఎవరికి ఇబ్బందో ఇంట్లో కూర్చుని ముందే మాట్లాడుకోండి, ముఖం వద్దన్నోళ్ళది చేతులే తియ్యి. వెనక సినిమా పాట వేయొద్దు. పైన చెప్పిన 'ఐస్ ఆన్ ది ప్రైజ్' అంత గొప్ప సిరీసే, పాత ఫుటేజీ, పాటల హక్కుల గడువు అయిపోయి ఏళ్ళ తరబడి టీవీలో వేసేదానికి లేకుండా పోయింది, మళ్ళా డబ్బులు కట్టి హక్కులు తెచ్చుకుని 2006లో వేసినారు. మీ ఇంట్లో ఎవరన్నా పాడితే అది పెట్టుకో, అది నీదే.

అవ్వ ఎరుకల మాటల్లో చెప్పింది తెలుగు చెయ్యకుండా అట్లనే ఉంచి కింద సబ్‌టైటిల్ వెయ్యి, వేసేటప్పుడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో ముక్కా వినిపించు, ఇది నేననలేదు అంటే తీసెయ్. పూర్తిగా ఎడిట్ చేసినాక మీ వీధిలో వాళ్ళకే మొదట చూపించు. ఒరిజినల్ ఫైల్స్ మాత్రం ఫోన్‌లోనే వదిలేయొద్దు, ఒక కాపీ హార్డ్ డిస్క్‌లో పెట్టి వేరే ఇంట్లో ఉంచు, ఇంకోటి ఆన్‌లైన్‌లో పెట్టు. ఎడిటింగ్ దగ్గర ఆగిపోతే ఈ పేజీకే రాయి, చేసి పెట్టే పిల్లోళ్ళు కర్నూల్లో నాకు తెలిసినోళ్ళు ఉన్నారు, డబ్బులు తీసుకోరు.